పరీవాహక ప్రాంత స్థితి మదింపు

కురిసిన వాన ఏ నేలమీదుగా పారి ఒకే వాగుకో, చెరువుకో, నదికో చేరుతుందో ఆ నేలంతటినీ కలిపి పరీవాహక ప్రాంతం అంటారు. పల్లెల్లోనూ ప్రభుత్వ పథకాల్లోనూ ఇది వాటర్‌షెడ్ అన్న పేరుతో వాడుకలో ఉంది. ఆ ప్రాంతంలోని నేల, నీరు, పచ్చదనం, భూమి వాడకం, జనజీవనం ఏ స్థితిలో ఉన్నాయో కొలిచి, ఆ స్థితికి కారణాలను గుర్తించి, ఎక్కడ ఏ సంరక్షణ పనిని ముందుగా చేపట్టాలో తేల్చే పద్ధతిని పరీవాహక ప్రాంత స్థితి మదింపు అంటారు. ఏడాది వానలో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే కురిసి, గట్టి రాతిపొరల వల్ల భూగర్భంలో నిల్వకు చోటు తక్కువగా ఉండే దక్కన్ పీఠభూమి వంటి ప్రాంతాల్లో దీని అవసరం మరీ ఎక్కువ. మదింపు లేకుండా తయారైన ప్రణాళికలో చెక్‌డ్యాంలు, కందకాలు, నాటిన మొక్కలు లెక్కకు కనిపిస్తాయి గాని, అవి ఉండవలసిన చోటే ఉన్నాయా, వాటివల్ల ఎవరికి నీరు చేరి ఎవరికి తగ్గింది అన్న ప్రశ్నలకు జవాబు దొరకదు.

హద్దులు, అంతస్తులు

మదింపులో మొదటి పని హద్దు గీయడం. చుట్టూ ఉన్న గుట్టలు, మిట్టల శిఖరాలను కలుపుతూ సాగే గీతను జలవిభాజక రేఖ అంటారు. దానికి ఇటు పడిన వాన ఈ వాగులోకి, అటు పడిన వాన పక్క వాగులోకి పోతుంది. ఒకప్పుడు సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలులో ప్రచురించిన పటాల మీద, ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే సమోన్నత రేఖలను చూసి ఈ గీతను చేత్తో గీసేవారు. ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచి రూపొందే డిజిటల్ ఎత్తుల నమూనాల సాయంతో కంప్యూటరులో గీస్తున్నారు. అయినా రోడ్లు, కాలువలు, చెరువు కట్టలు సహజమైన వాలును మార్చిన చోట్ల క్షేత్రంలో నడిచి సరిచూసుకోక తప్పదు.

చిన్న పరీవాహక ప్రాంతాలు కలిసి పెద్దవి అవుతాయి. భారత నేల, భూ వినియోగ సర్వే సంస్థ దేశాన్ని జల వనరుల ప్రాంతాలు, నదీ పరీవాహకాలు మొదలుకొని సూక్ష్మ వాటర్‌షెడ్ల వరకు అంతస్తులుగా విభజించి, ఒక్కోదానికి ప్రత్యేక సంకేతం ఇచ్చింది. దేశంలో ఇలాంటి సూక్ష్మ వాటర్‌షెడ్లు మూడు లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కోటి స్థూలంగా 500 నుంచి 1,000 హెక్టార్ల విస్తీర్ణంలో ఉంటుంది కనుక స్థానిక ప్రణాళికకు ఇదే అనువైన ప్రమాణం. దీని హద్దు నేల వాలును బట్టి, పంచాయతీ హద్దు రెవెన్యూ లెక్కలను బట్టి ఏర్పడ్డాయి. అందువల్ల ఒకే వాటర్‌షెడ్ రెండు మూడు గ్రామాల్లోకి విస్తరించడం, ఒకే గ్రామం రెండు వాగుల మధ్య చీలిపోవడం సాధారణం. ఈ పొంతన లేమిని మొదట్లోనే గుర్తించి సంబంధిత గ్రామాలన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టకపోతే తరువాతి దశల్లో తగాదాలు తప్పవు.

భారతదేశంలో పరిణామం

1973–74లో మొదలైన కరువు పీడిత ప్రాంతాల పథకం, 1977–78లో మొదలైన ఎడారి అభివృద్ధి పథకం తొలినాళ్లలో శాఖలవారీ పనుల సమాహారంగానే నడిచాయి. వ్యవసాయ శాఖ గట్లు వేసేది, అటవీ శాఖ మొక్కలు నాటేది, నీటిపారుదల శాఖ చెరువులు బాగుచేసేది. వీటన్నిటినీ ఒకే వాలు మీద కలిపి చూసే దృష్టి కొరవడింది. ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం 1994లో ఈ లోపాన్ని ఎత్తిచూపి, వాటర్‌షెడ్‌ను ప్రణాళికకు ప్రమాణంగా తీసుకోవాలనీ, నిర్వహణ స్థానిక సంఘాల చేతిలో ఉండాలనీ సూచించింది. ఆ సూచనల ఆధారంగా రూపొందిన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చాయి. 2003 నాటి ‘హరియాలీ’ మార్గదర్శకాలు పంచాయతీలకు పాత్ర పెంచాయి. వాటర్‌షెడ్ పథకాలపై ఏర్పడిన పార్థసారథి సంఘం 2006లో ఇచ్చిన నివేదిక తరువాత 2008లో అన్ని మంత్రిత్వ శాఖలకూ వర్తించే ఉమ్మడి మార్గదర్శకాలు వెలువడ్డాయి. అప్పటినుంచి సుమారు 500 హెక్టార్ల విడి వాటర్‌షెడ్లకు బదులు 1,000 నుంచి 5,000 హెక్టార్ల సముదాయాలను తీసుకోవడం, పనులకు ముందు సమగ్ర పథక నివేదికను, దానికి పునాదిగా ప్రారంభ స్థితి సర్వేను తయారుచేయడం ఆనవాయితీ అయింది. 2009–10లో సమీకృత వాటర్‌షెడ్ నిర్వహణ కార్యక్రమంగా రూపుదిద్దుకున్న ఈ పథకం, 2015 నుంచి ప్రధానమంత్రి కృషి సించాయీ యోజనలో భాగంగా సాగుతోంది.

నేల, కోత

నేల మదింపులో లోతు, మట్టి స్వభావం, వాలు, రాళ్ల శాతం, కోత తీవ్రత ప్రధానాంశాలు. వీటి ఆధారంగా భూమిని ఎనిమిది సామర్థ్య తరగతులుగా విభజిస్తారు. మొదటి నాలుగు తరగతులు తగిన జాగ్రత్తలతో సాగుకు పనికొస్తాయి. మిగిలిన నాలుగింటిని గడ్డికి, చెట్లకు, అడవికి వదిలేయడం మేలు. ఏడో తరగతి నేలను దున్ని పల్లి వేస్తున్నారని పటం చూపిస్తే, కింది చెరువులోకి చేరే పూడిక మూలం అక్కడే ఉండవచ్చునని పరిశీలకుడు గ్రహిస్తాడు.

కోత మూడు రూపాల్లో కనిపిస్తుంది. నేల పైపొర సమానంగా కొట్టుకుపోవడం పొర కోత. నీరు చిన్న చాళ్లుగా పారుతూ మట్టిని తీసుకుపోవడం చాళ్ల కోత. ఆ చాళ్లు లోతై దున్నినా పూడని గండ్లుగా మారడం గండి కోత. పొర కోత కంటికి వెంటనే ఆనదు గనుక క్షేత్ర పరిశీలకులు పరోక్ష గుర్తులను వెదుకుతారు. చెట్ల మొదళ్ల దగ్గర వేర్లు బయటపడటం, సన్నమట్టి పోయి గరుసు, గులకరాళ్లు పైకి తేలడం, పొలం కింది గట్టు వెంట ఒండ్రు పేరుకుని ఆ వైపు నేల ఎత్తు పెరగడం, చేలో పైభాగాన పైరు పలచబడి దిగువన ఏపుగా ఉండటం వాటిలో ముఖ్యమైనవి. కోతను అంకెల్లో అంచనా వేయడానికి విష్‌మైయర్, స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1965లో ప్రచురించిన సార్వత్రిక నేల నష్ట సమీకరణాన్ని విరివిగా వాడతారు. వాన తాకిడి, నేల కోతకు లొంగే గుణం, వాలు పొడవు, వాలు నిటారుదనం, పైరు కప్పు, సంరక్షణ చర్య అనే ఆరు అంశాలను గుణించి, హెక్టారుకు ఏటా ఎన్ని టన్నుల మట్టి పోతుందో ఇది చెబుతుంది. ఈ ఆరింటిలో మొదటి రెండూ మనిషి చేతిలో లేవు. సంరక్షణ ప్రణాళిక అంతా మిగిలిన నాలుగింటి చుట్టూ తిరుగుతుంది.

వాన, ప్రవాహం

కురిసిన వానలో ఎంత ఇంకుతుంది, ఎంత పారిపోతుంది అన్నది తేలనిదే ఎన్ని కట్టడాలు అవసరమో చెప్పలేం. కొలత పరికరాలు లేని చిన్న వాగులకు అమెరికా నేల సంరక్షణ సంస్థ 1950ల దశకంలో రూపొందించిన వక్ర సంఖ్య పద్ధతి ఉపయోగపడుతుంది. నేల ఇంకుదల శక్తిని బట్టి నాలుగు వర్గాలుగా విభజించి, భూమి వాడకాన్నీ కలిపి చూసి, ఒక్కో తునకకు 100కు లోబడిన ఒక సంఖ్యను ఇస్తారు. ఆ సంఖ్య పెరిగేకొద్దీ నీరు ఇంకడం తగ్గి పారడం పెరుగుతుంది. మూల సూత్రం ప్రకారం 60 మిల్లీమీటర్ల వాన ఒకేసారి కురిస్తే, వక్ర సంఖ్య 80 ఉన్న బోడి నేల నుంచి సుమారు 20 మిల్లీమీటర్ల నీరు పారిపోతుంది. గట్లు, గడ్డి, చెట్లతో ఆ సంఖ్య 70కి తగ్గితే పారే నీరు సుమారు 10 మిల్లీమీటర్లకు పడిపోతుంది. ఒక మిల్లీమీటరు వాన ఒక హెక్టారుపై పది ఘనపు మీటర్లు గనుక, 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌లో ఆ ఒక్క వానకే నిలిచే నీరు 50,000 ఘనపు మీటర్లు. భారతదేశంలో నల్లరేగడి, ఎర్రనేలల స్వభావానికి తగినట్టు ఈ సూత్రంలోని గుణకాలను సవరించి వాడతారు.

అయితే పైన నిలిచిన ప్రతి బొట్టూ కిందికి పారవలసిన నీటిలోంచి తగ్గేదే. గొలుసుకట్టు చెరువులున్న తెలుగు నేలలో ఈ అంశం మరింత కీలకం. పై చెరువు అలుగు, అంటే తెలంగాణ వాడుకలో మత్తడి, పారితేనే కింది చెరువుకు నీరు చేరుతుంది. అందువల్ల మదింపులో కట్టడం వేసే చోటుతో పాటు దాని దిగువన ఉన్న చెరువులు, వాటి ఆయకట్టు, తాగునీటి బావులు కూడా తప్పనిసరిగా లెక్కలోకి రావాలి.

భూగర్భ జలం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కోస్తా, నదీతీర ఒండ్రు నేలలను, అవక్షేప శిలల ప్రాంతాలను మినహాయిస్తే చాలాచోట్ల అడుగున గ్రానైట్, నీస్ వంటి గట్టి రాళ్లు ఉన్నాయి. వీటిలో నీరు శిథిలమైన పై పొరలోను, దాని కింది పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. నీటిమట్టం ఒక మీటరు దిగినప్పుడు ఆ పొర ఎంత నీరు వదులుతుందో తెలిపే నిష్పత్తిని నిర్దిష్ట దిగుబడి అంటారు. బంకమట్టి తక్కువగా ఉన్న శిథిల గ్రానైట్‌కు భూగర్భ జల అంచనా సంఘం సూచించిన విలువ 3 శాతం. ఇసుక ఒండ్రుకు అది 16 శాతం. దీని భావం ఒక చిన్న లెక్కతో స్పష్టమవుతుంది. వానాకాలం ముగిసేసరికి 100 హెక్టార్ల గ్రానైట్ నేలలో నీటిమట్టం ఒక మీటరు పెరిగిందంటే కొత్తగా చేరిన నీరు 30,000 ఘనపు మీటర్లు. హెక్టారు వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే అది రెండున్నర హెక్టార్లకే సరిపోతుంది; 500 మిల్లీమీటర్లతో పండే వేరుశనగ వంటి ఆరుతడి పంట అయితే ఆరు హెక్టార్లకు అందుతుంది. మళ్లీ ఇంకే నీటిని కలిపితే ఈ అంకెలు కొంత మారతాయి గాని, పంటల ఎంపికే భూగర్భ జలానికి ప్రాణమన్న నిర్ధారణ మారదు.

వానలకు ముందు, వానలు వెనుదిరిగాక పరిశీలక బావుల్లో నీటిమట్టం కొలవడం మదింపులో కనీస నియమం. ఏటా ఇంకే నీటిలో తోడుకోదగిన దానితో పోల్చి తోడకాన్ని శాతంగా లెక్కగట్టి, 70 శాతం లోపు ఉంటే సురక్షితం, 70–90 మధ్య పాక్షిక సంక్లిష్టం, 90–100 మధ్య సంక్లిష్టం, 100 దాటితే అతి తోడకం అని వర్గీకరిస్తారు. నీటి పరిమాణంతో పాటు నాణ్యతనూ చూడాలి. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. నల్లగొండ వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో ఈ పరీక్షను వదిలేసిన మదింపు అసంపూర్ణమే.

పచ్చదనం, జనజీవనం

పచ్చదనపు తీరును ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కించే వృక్ష సూచిక ద్వారా ఏడాదికేడాది పోల్చవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ సుదూర గ్రాహక కేంద్రం తన ‘భువన్’ వేదికపై ‘సృష్టి’ అనే పటాల వ్యవస్థను, క్షేత్రంలో తీసిన ఫొటోలను స్థలసూచికతో పంపే ‘దృష్టి’ అనే మొబైల్ యాప్‌ను వాటర్‌షెడ్ పనుల పర్యవేక్షణకే రూపొందించింది. ఆ చిత్రంలో పచ్చగా కనిపించేది గడ్డా, సర్కారు తుమ్మా, బోరు కింద వేసిన వరా అన్నది నేలమీద నడిచినప్పుడే తేలుతుంది.

జనజీవనపు మదింపుకు గ్రామీణ భాగస్వామ్య అంచనా పద్ధతి ఆధారం. గ్రామస్థులే ముగ్గుతో, రంగులతో నేలమీద తమ ఊరి పటం గీసి బావులు, బీళ్లు, పశువుల దారులు, ఎండిన బోర్లు గుర్తిస్తారు. ఆపైన శిఖరం నుంచి వాగు దాకా పరిశీలకులతో కలిసి అడ్డంగా నడుస్తూ ప్రతి మలుపులో నేల తీరు చెబుతారు. నీళ్లు మోసే స్త్రీలను, గొర్రెల కాపరులను, భూమిలేని కూలీలను విడిగా అడగకపోతే బావులున్న రైతుల అవసరాలే ఊరి అవసరాలుగా నమోదవుతాయి. బంజరును చెట్ల పెంపకానికి మూసివేస్తే మేత పోయేది ఎవరికి, చెక్‌డ్యాం పక్కన బావి ఉన్నది ఎవరికి అన్న ప్రశ్నలు నేల పరీక్షలంత ముఖ్యమైనవి.

ఈ విషయంలో హర్యానాలోని సుఖోమాజ్రీ అనుభవం పాఠ్యపుస్తకాలకెక్కింది. 1958లో చండీగఢ్‌లో నిర్మించిన సుఖ్నా సరస్సు వేగంగా పూడిపోతుంటే, నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా బృందం 1970లలో ఎగువకు నడిచి కారణాన్ని వెదికింది. పూడిక మూలం శివాలిక్ కొండల వాలుపై విచ్చలవిడి మేతలోనూ, ఆ మేత మూలం కింది పల్లె పేదరికంలోనూ తేలింది. చిన్న మట్టి కట్టల వెనుక నిలిపిన నీటిని గ్రామంలో అందరికీ పంచే ఏర్పాటు జరిగాక, గ్రామస్థులు తామే కొండమీద మేతను ఆపుకున్నారు. కారణం సరిగ్గా తేలినందువల్లే పరిష్కారం నిలిచింది.

ప్రాధాన్యం నుంచి పనుల దాకా

అన్ని వాటర్‌షెడ్లనూ ఒకేసారి చేపట్టేందుకు నిధులు చాలవు కనుక మార్కుల పద్ధతిలో వరుస నిర్ణయిస్తారు. 2008 మార్గదర్శకాలు పేదరికం, ఎస్సీ, ఎస్టీ జనాభా, చిన్న, సన్నకారు రైతుల శాతం, భూగర్భ జల స్థితి, వర్షాధార సాగు విస్తీర్ణం, తాగునీటి కొరత, క్షీణించిన భూములు వంటి ప్రాతిపదికలను నిర్దేశించాయి. వాటర్‌షెడ్ లోపల ఏ పని ఎక్కడ అన్నది వాలును బట్టి ఉంటుంది. శిఖరం నుంచి లోయకు దిగుతూ పని చేయడం మూలసూత్రం: పైన గుట్టల మీద కందకాలు, గడ్డి, చెట్లు, నడిమి వాలులో గండ్లకు రాతి అడ్డుకట్టలు, చేలలో గట్లు, నీటి కుంటలు, అన్నిటికీ దిగువన వాగులపై చెక్‌డ్యాంలు, ఊట చెరువులు. తక్కువ వాన పడి నీరు సులువుగా ఇంకే ఎర్రనేలల్లో సమోన్నత గట్లు తగినవి. నీరు నిలిస్తే పైరు దెబ్బతినే నల్లరేగడిలో మిగులు నీటిని మెల్లగా బయటికి నడిపే స్వల్ప వాలు గట్లు అవసరం. ఈ వరుసను తిరగేసి మొదట చెక్‌డ్యాం కడితే, పైనుంచి వచ్చే మట్టితో అది కొద్ది ఏళ్లలోనే పూడిపోతుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

రంగారెడ్డి జిల్లా శంకరపల్లి మండలంలోని కొత్తపల్లిలో సుమారు 465 హెక్టార్ల ఆదర్శ వాటర్‌షెడ్‌ను మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999లో ప్రభుత్వ, పరిశోధన, స్వచ్ఛంద సంస్థలతో కలిసి చేపట్టింది. పనులు జరిగిన భాగంలోను, జరగని భాగంలోను ప్రవాహాన్ని విడివిడిగా కొలవడం దీని విశిష్టత. 1,161 మిల్లీమీటర్ల వాన కురిసిన 2000వ సంవత్సరంలో పనులు జరగని భాగం నుంచి 118 మిల్లీమీటర్లు, జరిగిన భాగం నుంచి 65 మిల్లీమీటర్లు పారినట్టు, హెక్టారుకు నేల నష్టం అదే వరుసలో 4.17 టన్నులు, 1.46 టన్నులు ఉన్నట్టు ఆ కొలతలు చూపాయి. ఇక్రిశాట్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెట్ట జిల్లాల్లో జరిపిన మట్టి పరీక్షల్లో గంధకం, జింకు, బోరాన్ లోపాలు విస్తృతంగా బయటపడ్డాయి. మెట్ట పొలంలో దిగుబడికి అడ్డం నీటి కొరత ఒక్కటే కాదని దీనివల్ల తేలింది.

ఆంధ్రప్రదేశ్ గ్రామీణ జీవనోపాధుల పథకం కింద అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం, నాటి కర్నూలు జిల్లా డోన్ ప్రాంతాల్లో జరిపిన జల తనిఖీ నివేదిక 2003లో వెలువడింది. శాఖల లెక్కలను క్షేత్ర పరిశీలనతో సరిపోల్చిన ఈ అధ్యయనం, బోర్లు, కట్టడాలు పెరిగిన కొద్దీ సంప్రదాయ చెరువుల్లోకి చేరే నీరు తగ్గుతున్న తీరును వెలుగులోకి తెచ్చింది. ఏ చోట నీరు నిలపాలి, ఏ చోట వాడకం తగ్గించాలి అన్న రెండు నిర్ణయాలూ మదింపు నుంచే రావాలన్నది దీని సారాంశం.

నంద్యాల కేంద్రంగా పనిచేసిన బర్డ్స్ సంస్థ ఏడు కరువు జిల్లాల్లో నడిపిన రైతు భాగస్వామ్య భూగర్భ జల నిర్వహణ పథకం కొలతలను రైతుల చేతికే ఇచ్చింది. స్త్రీలూ పురుషులూ రోజూ వానమాపకాన్ని చదివి, పదిహేను రోజులకోసారి పరిశీలక బావుల మట్టం కొలిచి, ఆ అంకెలను ఊరి బోర్డుపై రాసేవారు. రబీకి ముందు అందరూ కూడి ఎంత నీరుందో, అనుకున్న పంటలకు ఎంత కావాలో లెక్క చూసుకునేవారు. ఎవరికీ ఆజ్ఞలు లేకపోయినా చాలా చోట్ల రైతులు వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది; 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. చట్టమైనా, పూడికతీత అయినా ఊరి నీటి లెక్కతో జతపడినప్పుడే పూర్తి ఫలితం ఇస్తుంది.

పరిమితులు, కర్తవ్యం

ఒక్క ఏడాది కొలతలపై ఆధారపడిన మదింపు మంచి వానల సంవత్సరంలో ఆశను, కరువు సంవత్సరంలో నిరాశను పెంచి చూపుతుంది. కనుక సాధ్యమైనంత దీర్ఘకాలపు వాన, నీటిమట్టాల వివరాలు ఉండాలి. ఉపగ్రహ పటాల స్కేలుకు చిక్కని చిన్న కమతాల వైవిధ్యం క్షేత్రంలోనే దొరుకుతుంది. పనులు పూర్తయ్యాక అవే బావుల్లో, అవే చోట్ల మళ్లీ కొలవకపోతే ప్రారంభ సర్వేకు అర్థం ఉండదు. నివేదిక తెలుగులో, ఊరివారికి అర్థమయ్యే పటాలతో గ్రామసభ ముందుకు రావాలి; కొలతలు తీసుకునే బాధ్యత పథకం ముగిశాక కూడా ఊరిలోనే కొనసాగాలి. ప్రతి పంచాయతీ కనీసం ఒక వానమాపకాన్ని, కొన్ని పరిశీలక బావులను, ఏటా రబీకి ముందు ఒక నీటి బడ్జెట్ సభను ఏర్పాటు చేసుకోగలిగితే, స్థానిక సంరక్షణ ప్రణాళిక అంచనాల మీద గాక ఆధారాల మీద నిలబడుతుంది.